నీళ్ళు కాగినప్పుడు తెగేది ఏది?

మన అభ్యుదయ విమర్శలో నీళ్ళు కాగినంతగా మరేదీ కాగలేదు. పరిమాణాత్మక మార్పు గుణాత్మక మార్పుగా పరిణమించటానికి ఎంగెల్స్ ‘యాంటీ డ్యూరింగ్’లో ఇచ్చిన ఈ ఉదాహరణను అందరమూ వాడాం. నేనూ వాడాను. మరిగే నీటిలో అణువే పగిలి కొత్త పదార్థం పుడుతుందని రాసిన ఒక కవిని, సమీక్షలో, శాస్త్రీయ దృష్టి కలవాడని మెచ్చుకున్నాను కూడా. మా బడిలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రులు అది చదివి, “ఆవిరి కొత్త పదార్థమైతే మూతకంటిన చుక్కలేమిటండీ, మాస్టారూ?” అన్నారు.

తప్పు నాదే. ఇక్కడున్న ఆకర్షణలు రెండు. ఒకటి అణువు లోపలిది: ఒక ఆక్సిజన్ పరమాణువూ, రెండు హైడ్రోజన్ పరమాణువులూ ఎలక్ట్రాన్లను పంచుకుని ముడిపడి ఉంటాయి. ఆ పంపకం సమానం కాదు, ఆక్సిజన్ ఎక్కువ లాక్కుంటుంది. అందుచేత ఆక్సిజన్ వైపు కొద్దిగా రుణావేశం, హైడ్రోజన్ వైపు ధనావేశం ఏర్పడతాయి. ఒక అణువులోని హైడ్రోజన్ పొరుగు అణువులోని ఆక్సిజన్ వైపు ఒరుగుతుంది. ఈ రెండవదాన్ని హైడ్రోజన్ బంధం అంటారు. (అసమాన పంపకంలోంచి ఆకర్షణ పుట్టటం మనవాళ్ళకు రుచించే సంగతే గాని, దానిమీద అప్పుడే కవిత రాయవద్దని మనవి.)

18 గ్రాముల మరిగే నీటిని ఆవిరి చెయ్యటానికి సుమారు 41 కిలోజౌళ్ళు చాలు. అదే నీటిని పరమాణువులుగా విడగొట్టాలంటే 920కి పైగా కావాలి. పొయ్యిమీద తెగేది పొరుగు బంధమే. లోపలి ముడి చెక్కుచెదరదు.

బలహీనమైనదని ఆ పొరుగు బంధాన్ని తీసిపారేయటానికీ లేదు. మా ద్రాక్షారామంలో సప్తగోదావరి గుండం నిండా నీరుంది. గౌతమి దాటితే కోనసీమ నేలకింద సహజవాయువుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి రెండు నెలలకు పైగా మండింది దానితోనే. అందులో ముఖ్యభాగమైన మీథేన్ అణుభారం 16, నీటిది 18. బరువులో ఇంచుమించు సమానమే. అయినా మీథేన్ సున్నాకు దిగువన 161 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, నీరు 100 డిగ్రీల దాకా ఆగుతుంది. మీథేన్ అణువుల మధ్య ఉన్నది ఎలక్ట్రాన్ల క్షణిక చలనంవల్ల కలిగే స్వల్ప ఆకర్షణ మాత్రమే. వాయువుల్లో సైతం అణువుల మధ్య ఆకర్షణ ఉంటుందని 1873లో లెక్క కట్టిన వాన్ డర్ వాల్స్ మహాశయుడు బడిపంతులే. ఆ సంగతి తెలిసి మా ఉపాధ్యాయుల గదిలో ఒక పూట సంబరపడ్డాం.

ఎంగెల్స్ పొరబడలేదు. ఆయన చెప్పింది స్థితి మారటం గురించి. పదార్థమే మారిపోతుందన్నది మనం కలిపిన మాట. నీటిని నిజంగా హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడదియ్యటానికి బడి ప్రయోగశాలలో వాడేది విద్యుత్తును, పొయ్యిని కాదు. అణువులు అవే ఉండగా వాటి మధ్య సంబంధాలు మారటం కూడా చిన్న మార్పేమీ కాదు. కాని చల్లబడితే ఆవిరి మళ్ళీ నీరవుతుంది. ఇది మన విమర్శకు మింగుడుపడలేదు. సమ్మె రోజున కూలీలందరూ కొత్త మనుషులైపోయినట్టు రాస్తే మెచ్చుకున్నాం. సమ్మె విరిగాక వాళ్ళే ఆసామి గుమ్మంలో నిలబడినట్టు రాస్తే పాత్రచిత్రణ లోపమన్నాం. అలాంటి కథనొకదాన్ని ఆ ఒక్క మాటతో పక్కకు నెట్టినవాణ్ణి నేను. ఇప్పుడు దాన్ని మళ్ళీ చదువుతున్నాను.