కలివికోడిని చదువుదాం, వెతకొద్దు

కడప జిల్లా లంకమల ముళ్లపొదల్లో కలివికోడి అనే పక్షి ఉంది. పగలు పొదచాటున నక్కి ఉంటుంది, చీకటి పడ్డాక మేతకు దిగుతుంది. రెక్కలకన్నా కాళ్లనే ఎక్కువ నమ్ముకుంటుంది. జెర్డన్ అనే సైనిక వైద్యుడు సేకరించిన ఈ పక్షిని 1848లో జంతుశాస్త్రవేత్త బ్లిత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత జాడ లేకపోయేసరికి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుండగా, ఐతన్న అనే స్థానిక వేటగాడు ఒకదాన్ని పట్టాడు. ఆ పక్షి మాత్రం ఎన్నాళ్లో బతకలేదు.

తర్వాత పరిశోధకులు పట్టుకోవడం మాని పొదల మధ్య సన్నమట్టి పరిచి చదును చేశారు. తెల్లారాక వెళ్లి అడుగుజాడలు చూసుకునేవారు. వెనకవేలు లేదు కాబట్టి మూడు వేళ్లే పడతాయి. కొన్నిచోట్ల కెమెరాలు కూడా పెట్టారు.

పక్షి ప్రేమికులకు ఇంత ఓపిక ఉండదు. ఫోన్‌లో దాని అరుపు వినిపిస్తే చాలనుకుంటారు. పక్షి నిజంగానే రావచ్చు, కానీ మనకోసం కాదు. తన హద్దులోకి ఇంకొకటి చొరబడిందనుకుని మేత మానేసి, లేని శత్రువు కోసం తిరుగుతుంది. పరిశోధకులూ ఈ పద్ధతి వాడారు, కానీ లెక్కల కోసం, అనుమతితో. ఫొటో కోసం వాడటం నా దృష్టిలో మోసమే.

ఇంకో చిక్కుంది. లంకమలలో ఇది గుడ్లు ఎక్కడ పెడుతుందో ఎవరికీ సరిగా తెలియదు. శాస్త్రానికి తెలిసిన గుడ్డు 1917లో కోలారు దగ్గర దొరికింది. అది స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియం సొరుగులో ఉన్నట్టు 2013లో బయటపడింది, డీఎన్ఏ పరీక్షతో రూఢి అయింది. అలాంటప్పుడు టార్చి పట్టుకుని పొదల్లో నడిచేవాడి కాలికింద ఏముందో ఎవరు చెప్పగలరు? అరుదైన పక్షుల చోటు బయటపెట్టకూడదనేదీ ఇందుకే. పక్షి పరిశీలనలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్ కూడా కొన్ని జాతుల స్థలాలను దాచిపెడుతుంది.

ఏదో ఒక పక్షిని కళ్లారా చూడాలనుంటే చలికాలంలో గూడబాతులు గూళ్లు కట్టే నేలపట్టు వెళ్లండి. ముందు సలీం అలీ పక్షుల పుస్తకంలో గూడబాతు పుట తిరగేయండి. గూళ్ల దగ్గర అలికిడైతే పెద్దపక్షులు లేచిపోతాయి, పిల్లలు ఎండపాలు, గుడ్లు కాకులపాలు. కాబట్టి అక్కడి మంచె దిగొద్దు, దిగక్కర్లేదు కూడా. బైనాక్యులర్స్ ఉంటే పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చి చేపలు లాక్కోవడం అక్కణ్నుంచే కనబడుతుంది.