చదరంగపు గళ్లలో ఒక మహాసంఖ్య

చదరంగపు బల్లమీద 64 గళ్లు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు. ఇట్లు గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం గింజలు ఎన్ని? ప్రశ్న పిల్లల ఆటవలె ఉన్నది. సమాధానం మాత్రం ఇరవై అంకెల సంఖ్య: 18446744073709551615. సెకనుకొక గింజ చొప్పున లెక్కపెట్టితే 58 వేల కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది.

తెలుగువారికి ఈ సంఖ్యతో చుట్టరికం పాతది. 9వ శతాబ్దివాడైన మహావీరాచార్యుని 'గణితసారసంగ్రహము'ను పావులూరి మల్లన తెనిగించినాడు. ఆయన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో ఈ ఇరవై అంకెలూ వరుస తప్పక ఒదిగి ఉన్నవి. అందులో అంకెలకు బదులు వస్తువుల పేర్లు నిలుస్తవి. శరమంటే 5, చంద్రుడంటే 1, వేదమంటే 4, గగనమంటే శూన్యం. లెక్క ఒకట్ల స్థానంనుండి ఎడమకు సాగుతుంది. కనుకనే పద్యంలో సంఖ్య శరంతో మొదలై చంద్రునితో ముగుస్తుంది.

తాటాకులమీద ప్రతికి ప్రతి వ్రాసుకొన్న కాలంలో లేఖకుని చేయి తడబడి ఉంటే? యతిప్రాసలూ గణాలూ చాలావరకు కాపలా కాస్తవి. కాని పాదం నడుమ 'శర' ఉండవలసినచోట 'శశి' పడినదనుకొందాము. రెండూ రెండేసి లఘువులే. ఛందస్సు ఆ తప్పును పట్టలేదు. గణితం పట్టుతుంది. ఈ సంఖ్యలోని అంకెల మొత్తం 87. కనుక సంఖ్య 3చేత నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఒక 5 కాస్తా 1 అయితే మొత్తం 83. ఇక 3చేత భాగింపబడదు.

3చేత భాగింపబడటం యాదృచ్ఛికం కాదు. 64 రెండ్లను హెచ్చవేసి, ఒకటి తీసివేస్తే వచ్చేదే ఈ సంఖ్య. అనగా 32 రెండ్ల లబ్ధంయొక్క వర్గంనుండి ఒకటి తీసివేయడమే. రెండు వర్గాల భేదం వాటి మూలాల మొత్తానికీ భేదానికీ లబ్ధమని విద్యార్థులు ఎరుగుదురు. ఆ సూత్రాన్నే మరల మరల ప్రయోగిస్తే మహాసంఖ్య ఆరు ముక్కలవుతుంది: 3, 5, 17, 257, 65537, 4294967297.

ఈ ఆరూ ఒకే కుదురువి. ఒక్కొక్కదానినుండి ఒకటి తీసివేసి, వర్గంచేసి, మరల ఒకటి కలిపితే తరువాతిది వస్తుంది. ఇట్టి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మినాడు. మొదటి ఐదింటి విషయంలో ఆ నమ్మకం నిజమే. ఆరవదాని దగ్గర బెడిసికొట్టినది. అది 641కి 6700417 రెట్లని 1732లో ఆయిలరు చూపినాడు.

ఫెర్మా అంతటివాని మాటకైనా, మల్లన పద్యానికైనా పరీక్ష ఒక్కటే: భాగించి చూడటం. పద్యం ఆ పరీక్షలో నిలిచినది. ఆ భాగహారం చేయడానికి బడిపిల్లవానికి ఒక పలక చాలు.