మలద్వార వ్యాధులు: సిగ్గుపడి దాచుకోవద్దు



మార్కు సువార్త 5వ అధ్యాయంలో పన్నెండు ఏండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ సంగతి మనందరికీ తెలుసు. ఎందరో వైద్యుల దగ్గర ఉన్నదంతా ఖర్చు పెట్టింది. రోగం తగ్గకపోగా ఎక్కువైంది. చివరికి గుంపులో ఎవరి కంటా పడకుండా వెనుక నుండి వచ్చింది. మలద్వారం దగ్గర బాధ ఉన్నవారు చాలామంది ఆసుపత్రికి అలాగే వస్తారు. ఓ.పి. చీటీలో "కడుపు నొప్పి" అని రాయిస్తారు. డాక్టరు గారి ముందు నోరు విప్పరు. బయటికి వచ్చాక నర్సమ్మ చెవిలో అసలు మాట చెప్తారు. అందుకే ఈసారి ఈ విషయం దాపరికం లేకుండా రాస్తున్నాను.

ప్రొక్టాలజిస్టు అంటే ఎవరు?

పెద్దప్రేగు చివరి భాగానికి, మలద్వారానికి వచ్చే జబ్బులను చూసే వైద్యుడు. ఈ జబ్బుల కోసమే లండన్‌లో 1835లో ఏడు మంచాలతో ఒక ఆసుపత్రి మొదలైంది. అదే సెయింట్ మార్క్స్ ఆసుపత్రి. ప్రత్యేకంగా ఒక ఆసుపత్రే పెట్టారంటే ఇవి ఎంత మామూలు జబ్బులో ఆలోచించండి.

మన ఊళ్ళలో "ప్రొక్టాలజిస్టు" అన్న బోర్డు కనబడకపోవచ్చు. ఎం.ఎస్. చదివిన జనరల్ సర్జన్ ఈ జబ్బులు చూస్తారు. ముందు ఆయన దగ్గరికి వెళ్తే చాలు. అవసరమైతే పై ఆసుపత్రికి ఆయనే రాసిస్తారు.

అన్నీ మొలలు కావు

మలద్వారం దగ్గర ఏ బాధ వచ్చినా మనవాళ్ళు "మొలలు" అనేస్తారు. కానీ జబ్బును బట్టి వైద్యం మారుతుంది.

మొలలు (పైల్స్): లోపలి రక్తనాళాలు ఉబ్బడం. మలవిసర్జన తర్వాత ఎర్రని రక్తం చుక్కలుగా పడుతుంది. ఎక్కువగా నొప్పి ఉండదు. ముదిరితే బుడిపెలా బయటికి వస్తుంది.

ఫిషర్: మలద్వారం అంచున చీలిక. గాజు పెంకుతో కోసినట్టు నొప్పి. కొందరికి ఆ మంట గంటల తరబడి ఉంటుంది.

చీము గడ్డ: వాపు, సలుపు, జ్వరం. షుగరు ఉన్నవారికి ఇది ప్రమాదం. ఒక్క రోజు కూడా ఆగకూడదు.

భగందరం (ఫిస్టులా): గడ్డ పగిలాక లోపల దారి మిగిలిపోయి, చిన్న రంధ్రం నుండి మళ్ళీ మళ్ళీ చీము కారడం.

క్యాన్సర్: మొదట్లో ఇదీ మొలల లాగే రక్తంతోనే బయటపడవచ్చు. పరీక్ష చేయకుండా తేడా చెప్పలేము.

మొలలకు, ఫిషర్‌కు ముఖ్య కారణం మలబద్ధకం. పొద్దస్తమానం చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్ళు, లెక్క పూర్తి కావాలని నీళ్ళు తక్కువ తాగుతారు, లెట్రిన్‌కు వెళ్ళకుండా ఆపుకుంటారు. గర్భిణులకు కూడా మొలలు వస్తాయి. కాన్పు తర్వాత చాలామందికి తగ్గిపోతాయి.

ఎప్పుడు వెంటనే రావాలి?

1. మలంలో రక్తం ఎప్పుడు కనబడినా ఒకసారి చూపించుకోవాలి. రక్తం మలంతో కలిసి వచ్చినా, మలం తారులా నల్లగా ఉన్నా ఆలస్యం చేయవద్దు. (రక్తం పెరగడానికి ఇచ్చే ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది. ఆ మాత్రలు వాడుతుంటే చెప్పండి.)
2. మూడు, నాలుగు వారాలుగా మలవిసర్జన అలవాటు మారితే. వెళ్ళి వచ్చినా ఇంకా మిగిలినట్టు అనిపిస్తే.
3. కారణం లేకుండా బరువు తగ్గితే, ఆయాసం, నీరసం ఉంటే. రోజూ కొద్దికొద్దిగా పోయే రక్తంతో కూడా హిమోగ్లోబిన్ పడిపోతుంది.
4. వయసు 45 దాటినా, ఇంట్లో ఎవరికైనా పెద్దప్రేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా.
5. భరించలేని నొప్పి, జ్వరంతో గడ్డ, ఆగని రక్తం ఉంటే అదే రోజు, రాత్రయినా సరే.

పరీక్ష ఎలా చేస్తారు?

చాలామంది భయం ఇక్కడే. తెర వేసి, ఎడమ ప్రక్కకు తిరిగి మోకాళ్ళు మడిచి పడుకోమంటారు. అవసరమైనంత మేరకే బట్ట తొలగిస్తారు. డాక్టరు గారు గ్లౌజుకు జెల్లీ రాసి వేలితో చూస్తారు. తర్వాత ప్రొక్టోస్కోపు అనే చిన్న గొట్టంతో లోపల చూస్తారు. కొద్ది నిమిషాలలో అయిపోతుంది. నొప్పి ఎక్కువగా ఉంటే చెప్పండి, బలవంతం చేయరు. స్త్రీలకు పరీక్ష చేసేటప్పుడు నర్సు పక్కన ఉండాలని అడగడం మీ హక్కు. అనుమానం ఉంటే కొలనోస్కోపీ రాస్తారు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి.

పరీక్ష అంటే ఆపరేషన్ అని కాదు. మొదటి దశ మొలలు, కొత్తగా వచ్చిన ఫిషర్ చాలావరకు ఆహారం, మందులతోనే తగ్గుతాయి. కొన్ని మొలలకు రబ్బరు బ్యాండు వేస్తే ఎండి రాలిపోతాయి. మిగిలిన వాటికే ఆపరేషన్.

గోడ మీది ప్రకటనలతో జాగ్రత్త

"కోత లేదు, ఒక్క ఇంజక్షన్‌తో మొలలు మాయం" అని రాసి, డిగ్రీ రాయని చోటుకు వెళ్ళవద్దు. తెలియనివారు చేసే ఇంజక్షన్లతో, పూసే ఘాటు మందులతో మలద్వారం పుండుపడి, ఇరుకైపోవచ్చు. మలం ఆపుకునే శక్తి కూడా పోవచ్చు. సుశ్రుతుడు చెప్పిన క్షారసూత్ర చికిత్స వేరు. దానిని భగందరానికి అర్హత గల ఆయుర్వేద వైద్యులు నేటికీ చేస్తున్నారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు డిగ్రీ అడగండి.

ఇంట్లో పాటించవలసినవి

• జొన్నరొట్టె, మక్కరొట్టె, తోటకూర, గంగవాయిలి కూర, బీరకాయ, జామపండు రోజూ ఏదో ఒకటి తినండి.
• నీళ్ళు బాగా తాగండి. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి.
• వచ్చినప్పుడు ఆపుకోవద్దు, రానప్పుడు ముక్కవద్దు. సెల్‌ఫోను పట్టుకొని లెట్రిన్‌లో కూర్చోవద్దు.
• వెడల్పు టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి, 10 నుండి 15 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు కూర్చోండి. డెట్టాల్ వేయనక్కరలేదు.
• గంటకోసారి లేచి నాలుగు అడుగులు నడవండి.

మన జిల్లాలోనే డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి ప్రారంభించారు. ఆ రోజుల్లో కుష్ఠు పేరు చెప్పడానికే భయపడి దాచుకునేవారు. నేడు అది మాత్రలతో నయమయ్యే జబ్బు. ఏ జబ్బయినా బయటికి చెప్తేనే గదా వైద్యం అందేది! పన్నెండు ఏండ్లు బాధపడిన ఆ స్త్రీ వణుకుతూనే ముందుకు వచ్చి నిజమంతా చెప్పింది. సమాధానముతో తిరిగి వెళ్ళింది. మీరు పన్నెండు ఏండ్లు ఆగవద్దు. ఇంట్లో పెద్దవారు ఈ బాధ దాచుకుంటున్నారేమో మెల్లగా అడిగి తెలుసుకోండి, తోడుగా తీసుకొని రండి.

దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యము దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్