టెక్కలి టు ఢిల్లీ: రూ.30 లక్షల ఐపీఎల్ కాంట్రాక్టులో ఆటగాడి చేతిలో ఉన్నదేంటి?

2024 నవంబర్‌లో జెడ్డాలో ఐపీఎల్ మెగా వేలం జరిగింది. రిషభ్ పంత్ రూ.27 కోట్లకు లక్నోకు వెళ్లాడు. అదే వేలంలో శ్రీకాకుళం జిల్లా టెక్కలికి చెందిన ఆఫ్ స్పిన్నర్ త్రిపురాన విజయ్‌ను ఢిల్లీ క్యాపిటల్స్ రూ.30 లక్షలకు తీసుకుంది. ఊరంతా సంబరపడింది నిజమే. కానీ ఈ 30 లక్షల వెనక లెక్క చాలామందికి తెలియదు.

ఆ వేలంలో అతి తక్కువ కనీస ధర రూ.30 లక్షలే. ఆటగాడు ఎంచుకోగలిగేది ఈ కనీస ధర ఒక్కటే. ఎక్కువ పెట్టుకుంటే ఎవరూ కొనకపోవచ్చు, తక్కువ పెట్టుకుంటే అక్కడే ఆగిపోవచ్చు. విజయ్ విషయంలో ఢిల్లీ తప్ప ఇంకో జట్టు పోటీకి రాలేదు కాబట్టి ధర అక్కడే ఆగింది. ఉద్దానం జీడి రైతుకు ఈ బాధ కొత్తేం కాదు. 80 కిలోల బస్తాకు ఎంతన్నది చివరికి తేల్చేది కొనేవాళ్లే కదా.

మరి పంత్‌కు అంత ఎలా వచ్చింది? అతను అప్పటిదాకా ఆడింది కూడా ఢిల్లీకే, పైగా కెప్టెన్. అయినా ఢిల్లీ అతన్ని అట్టిపెట్టుకోలేదు. వేలంలో ధర రూ.20.75 కోట్లకు చేరాక ఢిల్లీ రైట్ టు మ్యాచ్ కార్డు తీసింది. అంటే "ఆ ధరకు మేమే తీసుకుంటాం" అని పాత జట్టు అడగడం. కొత్త నిబంధన ప్రకారం లక్నోకు ధర పెంచే అవకాశం ఇంకోసారి వచ్చింది. లక్నో ఏకంగా 27 కోట్లు అంది, ఢిల్లీ తప్పుకుంది. ఇద్దరు కొట్లాడుకుంటేనే ఆటగాడికి లాభం.

ఒకసారి కొన్నాక పరిస్థితి ఇంకా గట్టిది. మళ్లీ మెగా వేలం వచ్చేదాకా ఏటా ఉంచుకోవాలా, వదిలేయాలా అన్నది జట్టు ఇష్టం. ఆటగాడు తనంతట తాను వేరే జట్టుతో బేరం ఆడితే అసలుకే మోసం. ముంబైతో నేరుగా మాట్లాడాడని 2010 సీజన్ మొత్తం రవీంద్ర జడేజాను ఆడనివ్వలేదు. రింకూ సింగ్‌నే చూడండి. 2022లో కోల్‌కతా రూ.55 లక్షలకు కొంది. 2023లో చివరి ఓవర్లో వరుసగా ఐదు సిక్సర్లు కొట్టాడు, టీమిండియాకూ ఆడాడు. అయినా 2024లో జీతం అదే 55 లక్షలు! 2025కు ముందు అట్టిపెట్టుకున్నప్పుడే రూ.13 కోట్లయింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి కూడా సన్‌రైజర్స్‌లో 20 లక్షల నుంచి 6 కోట్లకు వెళ్లింది అప్పుడే.

అమెరికాలో ఇలా కాదు. అక్కడి ఫుట్‌బాల్ లీగ్‌లో కాంట్రాక్టు గడువు తీరిన ఆటగాడు మార్చి నెలలో ఏ జట్టుతోనైనా నేరుగా మాట్లాడుకోవచ్చు. గడువు తీరకముందే పాత జట్టుతో కొత్త బేరమూ పెట్టొచ్చు. బ్రాక్ పర్డీ అనే క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడి మొత్తాన్ని నడిపించే ఆటగాడు, 2022 డ్రాఫ్ట్‌లో 262వ పేరు, అందరికంటే చివరివాడు. 2024లోనూ అతని జీతం 10 లక్షల డాలర్ల లోపే. కానీ మూడు సీజన్లు పూర్తయ్యాక కొత్త బేరం అడిగే హక్కు నిబంధనల్లోనే ఉంది. 2025 మేలో శాన్ ఫ్రాన్సిస్కో జట్టుతో ఐదేళ్లకు 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది.

ఇక్కడ విజయ్ లాంటివాళ్లకు ఉన్న ఆశ వేరే. 2025 నుంచి ఐపీఎల్‌లో ఆడిన ప్రతి మ్యాచ్‌కు రూ.7.5 లక్షల ఫీజు విడిగా ఇస్తున్నారు. లెక్కేస్తే నాలుగు మ్యాచ్‌లు ఆడితే రూ.30 లక్షలు, అంటే సీజన్ కాంట్రాక్టు మొత్తానికి సమానం! లీగ్ దశలో 14 మ్యాచ్‌లూ ఆడితే రూ.1.05 కోట్లు. 27 కోట్ల ఆటగాడికి ఇది చిల్లర. 30 లక్షల ఆటగాడికి మాత్రం ఎంతకు అమ్ముడయ్యాడన్నదానికంటే ఏ జట్టులో పడ్డాడన్నదే ముఖ్యం.

చిక్కంతా అక్కడే ఉంది. ఢిల్లీలో అక్షర్ పటేల్, కుల్దీప్ యాదవ్ ఉన్నారు, విప్రాజ్ నిగమ్ వచ్చి చేరాడు. ఇంకో స్పిన్నర్‌కు చోటు దొరకడం కష్టం. స్పిన్నర్ల కొరత ఉన్న జట్టుకు వెళ్దామంటే ఆ దారి ఆటగాడి చేతిలో లేదు. ఢిల్లీ వదలాలి, లేదా రెండు జట్లు మాట్లాడుకుని మార్చుకోవాలి.

2026 సీజన్‌కు ముందు కూడా ఢిల్లీ విజయ్‌ను అట్టిపెట్టుకుంది. వదిలేసి ఉంటే మళ్లీ వేలం, మళ్లీ కనీస ధర, ఎవరు చెయ్యెత్తుతారో తెలియని పరిస్థితి. ఇప్పటి నిబంధనల గడువు 2027 సీజన్‌తో ముగుస్తుంది. ఆ తర్వాతి మెగా వేలంలో కనీస ధర ఎంత పెట్టుకోవాలన్నది మళ్లీ విజయ్ చేతిలోకి వస్తుంది.