గీజర్‌కి ఎన్ని స్టార్లు అన్నది తర్వాత, ముందు ఫిట్టింగ్ చూడండి: కోనసీమ ఇళ్లకి ఒక సేఫ్టీ గైడ్

గీజర్ కొనే ముందు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. 15 లీటర్లా, 25 లీటర్లా? 5 స్టార్ తీసుకుంటే కరెంటు బిల్లు ఎంత తగ్గుతుంది? వైఫై మోడల్‌కి అదనంగా పెట్టడం దండగా? అన్నీ మంచి ప్రశ్నలే, సమాధానాలు స్పెక్ షీట్‌లో దొరుకుతాయి. ఎర్త్ నిజంగా ఉందా, సేఫ్టీ వాల్వ్ పనిచేస్తోందా, పొగ ఎటు పోతోంది అని మాత్రం ఎవరూ అడగరు. వీటి జవాబులు బాక్స్ మీద ఉండవు. మీ బాత్రూమ్ గోడ దగ్గరే వెతకాలి. ఈ ఆర్టికల్‌లో అవే చూద్దాం.

మాది అమలాపురం. మా వైపు ఇది కాస్త ఎక్కువ అవసరమైన విషయం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఏ వైపు వెళ్లినా ఏడాదిలో చాలా రోజులు తాళం వేసి ఉండే ఇళ్లు కనిపిస్తాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, ఇంకొందరు గల్ఫ్‌లోనో ఉంటారు. సంక్రాంతికి అందరూ దిగుతారు. భోగి రోజు తెల్లారకముందే తలంట్లు మొదలవుతాయి. నెలల తరబడి ఆన్ చేయని గీజర్ ఆ పొద్దున్న ఒకరి తర్వాత ఒకరికి ఆగకుండా నడుస్తుంది.

ఒకప్పుడు ఈ పని పెరట్లో రాగి కాగు చేసేది. కింద కొబ్బరి డొక్కలు, మట్టలు పెట్టి మంట వేసేవాళ్లు. పొగ ఆకాశంలోకి, ఆవిరి మూత సందులోంచి పోయేవి. కరెంటు ఊసే లేదు. అదే పనిని నాలుగు గోడల మధ్యకి తెచ్చేసరికి మూడు విషయాలకి మనమే దారి చూపించాల్సి వస్తుంది: లీకయ్యే కరెంటుకి, పెరిగే ప్రెజర్‌కి, కాలిన గాలికి. గీజర్ ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఈ మూడు దారుల్లో ఏదో ఒకటి మూసుకుపోవడం వల్ల జరిగేవే.

కరెంటుకి దారి: ఎర్త్, ఆర్‌సీసీబీ

గీజర్ లోపలి ఎలిమెంట్ పాతబడి చిట్లితే కరెంటు నీళ్లలోకి, ట్యాంక్ బాడీలోకి వస్తుంది. ఎర్త్ వైరు సరిగ్గా ఉంటే ఆ కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే తడి కాళ్లతో నిలబడి షవర్ తిప్పిన మనిషే దానికి దారి అవుతాడు.

కొత్తపేట దగ్గర మా బంధువుల ఇంట్లో గీజర్ సాకెట్‌కి మూడో పిన్ను ఉంది కానీ వెనకాల వైరే లేదు. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే, "ఆయ్, ఎర్త్ లేకపోయినా నీళ్లు వేడెక్కుతాయండి" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఎర్త్ లేని గీజర్ మామూలు రోజుల్లో ఏ తేడా చూపించదు. అందుకే అలాంటి ఫిట్టింగ్ ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది.

"ఎంసీబీ ఉంది కదా, పడిపోతుంది" అనుకునేవాళ్లు చాలామంది. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 16,000 మిల్లీ ఆంపియర్లకి పైగా ప్రవహించాలి. మనిషికి 30 మిల్లీ ఆంపియర్లు దాటినా ప్రమాదమే. ఎంసీబీ వైర్లని కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడో వంతు లోపే సప్లై కట్ చేస్తుంది. రెండు మూడు వేల రూపాయల్లో వచ్చే ఈ వస్తువు మీ మెయిన్ బోర్డులో ఉందో లేదో ఇవాళే చూడండి. దాని మీద 'టెస్ట్' బటన్ ఉంటుంది. నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే మార్పించండి.

గ్యాడ్జెట్ ఇష్టమున్నవాళ్లు సాకెట్ టెస్టర్ ఒకటి కొనుక్కోవచ్చు. కొన్ని వందల్లో వస్తుంది. ప్లగ్‌లా గుచ్చితే మూడు లైట్లతో ఎర్త్ లేదనో, ఫేజు న్యూట్రల్ తారుమారయ్యాయనో చెప్పేస్తుంది. దీనికి ఒక లిమిట్ ఉంది. కొందరు ఎర్త్ వైరు లాగే శ్రమ తప్పించుకోవడానికి సాకెట్ వెనకాలే న్యూట్రల్‌ని, ఎర్త్‌ని చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. అప్పుడు టెస్టర్ "అంతా ఓకే" అంటుంది. ఆర్‌సీసీబీ కూడా ఆ లీకేజీని గుర్తించలేదు, ఎందుకంటే లీకైన కరెంటు న్యూట్రల్ గుండానే తిరిగొస్తుంది. పైగా ఎక్కడైనా న్యూట్రల్ తెగితే గీజర్ బాడీ మొత్తానికి కరెంటు పాకుతుంది. కాబట్టి మెయిన్ ఆఫ్ చేయించి, సాకెట్ ఒకసారి విప్పించి కళ్లతో చూడటమే అసలు పరీక్ష.

ఇక ఎర్త్ పిట్. డెల్టా నేల తడిగా ఉంటుంది కాబట్టి కరెంటు నేలలోకి దిగడం సులువే. కానీ సముద్రం దగ్గరి ఉప్పు తేమ అక్కడి ఇనుప పైపుని, క్లాంపుని తినేస్తుంది. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్త్ ఇప్పటికీ బాగుంటుందని నమ్మకం పెట్టుకోవద్దు.

10 ఆంపియర్ స్మార్ట్ ప్లగ్‌తో గీజర్ వద్దు

2,000 వాట్ల గీజర్‌ని 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపియర్లు. 3,000 వాట్లదైతే 13. దీనికి 16 ఆంపియర్ల సాకెట్, కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కావాలి. బోర్డు దూరంగా ఉంటే 4 స్క్వేర్ ఎంఎం మంచిది. ఫ్యాన్ బోర్డు నుంచి సన్న వైరు లాగి, 6 ఆంపియర్ల సాకెట్‌కి కన్వర్టర్ ప్లగ్ పెట్టిన గీజర్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో మంట ఎలా పుడుతుందో చిన్న లెక్క చూడండి. వదులుగా ఉన్న పిన్ను దగ్గర అర ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి. 8.7 ఆంపియర్లకి అక్కడ పుట్టే వేడి 38 వాట్లు. మన సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే! ప్లాస్టిక్ సాకెట్ లోపల అది అరగంట పాటు వెలుగుతున్నట్టే.

స్మార్ట్ ప్లగ్ కొనేటప్పుడు 16 ఆంపియర్లదే తీసుకోండి. 10 ఆంపియర్ల మోడల్ ఫోన్ చార్జర్‌కి, టేబుల్ ల్యాంప్‌కి సరిపోతుంది, గీజర్‌కి కాదు. ఇంకో మాట. "బస్సు రావులపాలెం దాటాక యాప్‌లో గీజర్ ఆన్ చేసేస్తా, ఇంటికెళ్లేసరికి నీళ్లు రెడీ" అనే ఐడియా వినడానికి బాగుంటుంది. తాళం వేసిన ఇంట్లో ట్యాంకులో నీళ్లున్నాయో లేదో యాప్‌కి తెలియదు. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ కాలిపోతుంది.

బకెట్లో వేసే హీటర్ రాడ్ సంగతి కూడా. 1,500 వాట్ల రాడ్‌కి 6.5 ఆంపియర్లు కావాలి. అంటే చిన్న సాకెట్ లిమిట్ దాటినట్టే. స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకాకే నీళ్లలో వేలు పెట్టాలి. ఈ వరస ఎప్పుడూ మారకూడదు.

ప్రెజర్‌కి దారి: ఆ చుక్కల్ని ఆపకండి

నీళ్లు 25 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకి వేడెక్కితే రెండు శాతానికి పైగా వ్యాకోచిస్తాయి. 25 లీటర్ల గీజర్లో అది అర లీటరు పైమాటే. ఆ అర లీటరు ఎక్కడికో పోవాలి. చల్లనీళ్లు వచ్చే పైపు దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే వెనక్కి పోలేదు. అందుకే అక్కడ సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. చాలా మోడళ్లలో ఇది 8 బార్ దగ్గర తెరుచుకుంటుంది. డాబా మీది ట్యాంకు మూడు మీటర్ల ఎత్తు నుంచి ఇచ్చే ప్రెజర్ 0.3 బార్ మాత్రమే అని గుర్తుంచుకుంటే 8 బార్ అంటే ఏంటో అర్థమవుతుంది.

గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడితే అది దాని డ్యూటీ. ఇంట్లోవాళ్లు మాత్రం లీకేజీ అనుకుంటారు. ప్లంబర్ వచ్చి ఎంసీల్ పెట్టేస్తాడు, లేదా ఎండ్ క్యాప్ బిగించేస్తాడు. చుక్కలు ఆగిపోయాయి, అందరూ హ్యాపీ. ఆ రోజు నుంచి భారమంతా థర్మోస్టాట్, థర్మల్ కటౌట్ మీదే. ఆ రెండూ పాడైన రోజున మూసేసిన ట్యాంకులో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా, ప్రెజర్ పెంచుకుంటూ పోతాయి. ట్యాంకు పగిలిన క్షణంలో వాటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరి నీటి కంటే 1,600 రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. గీజర్ పేలడం అంటే ఇదే. చుక్కలు చిరాకైతే వాల్వ్‌కి చిన్న ట్యూబ్ పెట్టి కిందికి వదలండి. ట్యూబ్ చివర తెరిచే ఉండాలి.

పైపుల విషయంలోనూ పొదుపు వద్దు. చల్లనీళ్లకి వాడే తెల్ల పీవీసీ పైపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. వేడినీళ్లకి లేత పసుపు రంగులో వచ్చే సీపీవీసీ వేయాలి.

ఉప్పు నీళ్లు, కనిపించని తుప్పు

సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉండటం మనకి కొత్త కాదు. ఆ ఉప్పు ట్యాంకుని తినకుండా గీజర్లో మెగ్నీషియం యానోడ్ రాడ్ పెడతారు. తుప్పు ముందు దాన్ని తింటుంది, అది అయిపోయాక ట్యాంకు మీద పడుతుంది. టీడీఎస్ మీటర్ ఉంటే మీ బోరు నీళ్లు చూడండి. రీడింగ్ వేలల్లో ఉంటే యానోడ్‌ని ఏటా విప్పించి చూడటం మంచిది. గట్టి నీళ్లయితే ఎలిమెంట్ మీద తెల్లటి పెంకు కడుతుంది. అది వేడిని బయటికి పోనివ్వదు, ఎలిమెంట్ తొందరగా చిట్లుతుంది. పైన చెప్పిన కరెంటు లీకేజీ తరచూ మొదలయ్యేది ఇక్కడే.

లోపలి నుంచి తినేసే తుప్పు ఎంత పని చేయగలదో కోనసీమకి వేరే చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ లీకై మంటలు లేచి 20 మందికి పైగా చనిపోయారు. తడి గ్యాస్ వల్ల పైపు లోపలి నుంచి తుప్పు పట్టిందని విచారణలో తేలింది. మన ఇంటి పైపు దానితో పోలిస్తే చాలా చిన్నది. కానీ బయటికి బాగున్నట్టు కనిపిస్తూ లోపల పాడవడం అక్కడా ఇక్కడా ఒకటే.

కాలిన గాలికి దారి: గ్యాస్ గీజర్

కరెంటు కోతలకి భయపడి గ్యాస్ గీజర్ పెట్టుకునేవాళ్లు ఈ సెక్షన్ రెండుసార్లు చదవండి. నిమిషానికి 6 లీటర్ల నీళ్లని 25 డిగ్రీలు పెంచాలంటే 10 కిలోవాట్లకి పైగా శక్తి కావాలి. అంటే వంటింటి పొయ్యి బర్నర్లు నాలుగైదు ఒకేసారి ఫుల్‌గా వెలిగించినట్టు. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో ఉండే గాలి సుమారు 8 ఘనపు మీటర్లు. నా లెక్క ప్రకారం ఆ మంటకి పది నిమిషాల్లో 2 ఘనపు మీటర్ల గాలి కావాలి. దోమలు రాకుండా వెంటిలేటర్‌కి అట్టముక్క పెట్టి, తలుపు వేసుకుని స్నానం చేస్తుంటే గదిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. మంట సరిగ్గా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది.

దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. ఆ తర్వాత కాళ్లలో బలం పోతుంది, తలుపు గడియ తీయడానికి కూడా ఓపిక ఉండదు. బెంగళూరు, ముంబై లాంటి నగరాల డాక్టర్లు ఇలాంటి కేసుల గురించి మెడికల్ జర్నల్స్‌లో రాశారు.

ఇక్కడ గ్యాడ్జెట్ల గురించి మూడు విషయాలు.

వంటింట్లో పెట్టే ఎల్‌పీజీ లీక్ డిటెక్టర్ కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టుకునేది కాదు. రెండూ వేరే సెన్సర్లు.

మీ స్మార్ట్‌వాచ్, వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా నమ్మదగ్గవి కావు. మామూలు ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్ అతుక్కున్న హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ ఉన్నదే అనుకుంటుంది. మనిషి పడిపోతున్నా స్క్రీన్ మీద 98 అని చూపించవచ్చు. అందుకే ఆసుపత్రికి తీసుకెళ్తే "ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంది" అని డాక్టర్‌కి ముందే చెప్పండి.

పనికొచ్చేది కార్బన్ మోనాక్సైడ్ అలారం. అమెరికా ప్రమాణం యూఎల్ 2034 ప్రకారం 400 పీపీఎం ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో మోగాలి. 70 పీపీఎంకి గంట నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు. అంటే అది చివరి రక్షణే. మొదటి రక్షణ గీజర్‌ని బాత్రూమ్ బయట, గాలి ఆడే చోట బిగించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తీసుకురావడం.

ఊరెళ్లగానే చేయాల్సినవి

1. గీజర్ ఆన్ చేసే ముందు వేడినీళ్ల ట్యాప్ తిప్పండి. నీళ్లు ధారగా వచ్చాకే స్విచ్ వేయండి.
2. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి. లేకపోతే పండగలోపే పెట్టించండి.
3. గీజర్ ఆఫ్‌లో ఉండగా సేఫ్టీ వాల్వ్ లివర్ ఒకసారి ఎత్తండి. నీళ్లు రావాలి. రాకపోయినా, ఎంసీల్ కనిపించినా కొత్త వాల్వ్ వేయించండి.
4. పావుగంట నడిచాక ఆఫ్ చేసి, ప్లగ్ టాప్ పైభాగాన్ని పొడి చేత్తో తాకండి. వేడిగా ఉంటే సాకెట్ మార్చే దాకా వాడకండి.
5. నీళ్లు వేడెక్కాక స్విచ్ ఆఫ్ చేసి స్నానానికి వెళ్లండి. పిల్లలకీ, పెద్దవాళ్లకీ ఇదే అలవాటు చేయండి.
6. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆఫ్ చేయండి, తర్వాతే ముట్టుకోండి. గ్యాస్ గీజర్ దగ్గర పడిపోతే తలుపులు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, మనిషిని బయటి గాలికి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకేజీకి హెల్ప్‌లైన్ 1906.

నా వరకు రూల్ ఒకటే. గీజర్ బడ్జెట్ పదివేలనుకుంటే ఏడువేల మోడల్ కొని, మిగతా మూడువేలు ఆర్‌సీసీబీకి, మంచి వైరుకి, సరైన వాల్వ్‌కి పెట్టండి. వైఫై లేకపోయినా నీళ్లు వేడెక్కుతాయి. ఎర్త్ లేకపోయినా వేడెక్కుతాయి. ఏది లేకుండా సర్దుకోవచ్చో ఇప్పుడు మీకు తెలుసు.