రెండు పల్లెలు, రెండు మందిరములు: సంఘముల నడుమ నమ్మకమును గూర్చి ప్రవర్తనా శాస్త్రము చెప్పునది

మార్కాపురం నుండి కంభం మీదుగా గిద్దలూరు వరకు గల గ్రామములలో పరిచర్య చేసినవారికి ఈ దృశ్యము కొత్త కాదు. మాదిగపల్లెలో ఒక మందిరము, మాలపల్లెలో మరొక మందిరము. రెంటిలోను చదివేది ఒకే బైబిలు. అయినను ఒక పల్లెలో పెండ్లి జరిగితే రెండవ పల్లెవారు బంతికి కూర్చోవడము అరుదు. ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయములోని మధ్యగోడను గూర్చి మేము ఎన్ని ప్రసంగములు చేశామో లెక్క లేదు. విన్నవారు ఆమేన్ అన్నారు, ఇంటికి వెళ్లారు. మనిషి ఎప్పుడు నమ్ముతాడు, ఎప్పుడు ముడుచుకుంటాడు అనే సంగతిని పరీక్షించి చూచిన శాస్త్రము ఒకటి ఉన్నది గనుక, దాని మాట కూడా వినాలని మాకు తోచింది.

ముందుగా ఈ గోడ పుట్టుకను చూద్దాము. 1866లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషను పని చేపట్టిన జాన్ ఎవరెట్ క్లౌ గారికి తోడైన తొలి విశ్వాసులలో యెర్రగుంట్ల పేరయ్య ఒకరు. ఆయన మాదిగ కులస్థుడు, చర్మవ్యాపారి. వ్యాపారము మీద తిరిగిన ఊళ్లలోనే, తన బంధువర్గములోనే ఆయన సువార్త చెప్పాడు. పై కులములవారు మాదిగలతో కలిసి చేరుటకు ఇష్టపడనప్పుడు, వారికోసము మాదిగలను విడిచిపెట్టడానికి మిషను ఒప్పుకోలేదు. 1876-78 కరువు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది ఒకే రోజున బాప్తిస్మము పొందారు. మన కంభం చెరువు కట్టినది కూడా ఆ నదిమీదనే. గిద్దలూరు, నంద్యాల వైపున ఎస్.పి.జి. మిషను పని ప్రధానముగా మాలల మధ్య సాగింది. ఆ సంఘములు నేడు సి.ఎస్.ఐ. నంద్యాల అధ్యక్ష ఖండమునకు చెందినవి.

ఇందులో ఎవరి కుట్రా లేదు. పరాయివాని మాటకంటె మేనమామ మాట త్వరగా నమ్ముతాము. సువార్త చుట్టరికపు దారిన నడిచింది, ఆ దారి కులము పొలిమేర దగ్గర ఆగింది. అయితే ఆగిన చోటనే మందిరము కట్టుకొని, దానికి మిషను పేరు పెట్టుకొని, నూరేండ్లకు పైగా కూర్చుండిపోవడము మన తప్పు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లాలోని ఈదుమూడిలోనే మాదిగ దండోరా మొదలైంది. షెడ్యూల్డు కులముల వర్గీకరణను 2004లో సుప్రీంకోర్టు కొట్టివేయడము, 2024 ఆగస్టు 1న రాష్ట్రములు వర్గీకరణ చేయవచ్చునని తీర్పు చెప్పడము మనకు తెలిసినవే. ఆ రెండు తీర్పుల వారములలోను మన ప్రాంతపు పాస్టర్ల కూడికలలో ఎవరు ఎవరి ప్రక్కన కూర్చున్నారో చూచినవారికి వేరే వివరణ అక్కరలేదు.

ఇక శాస్త్రము మాట. 1954లో అమెరికాలోని ఓక్లహామాలో ముజాఫర్ షెరీఫ్ అనే పరిశోధకుడు పదకొండు, పన్నెండేండ్ల బాలురను రెండు గుంపులుగా చేసి ఒక వేసవి శిబిరములో ఉంచాడు. పోటీలు పెట్టగానే వారి మధ్య శత్రుత్వము పుట్టింది. తరువాత కలిపి భోజనము పెట్టినా, సినిమా చూపినా అది తగ్గలేదు. భోజనశాలలో అన్నము విసురుకున్నంత పని చేశారు. మన ఐక్య క్రిస్మస్ విందులు గుర్తుకు రావడము లేదా? ఆ బాలుర మనస్సు మారడము మొదలైనది శిబిరానికి నీళ్లు ఆగిపోయినప్పుడు. రెండు గుంపులూ కలిస్తేగాని తీరని పనులు ఒకదాని తరువాత ఒకటి వచ్చిన కొద్దీ పగ సన్నగిల్లింది. ఎండాకాలములో ట్యాంకరు కోసము బిందెలు వరుస పెట్టే మన ఊళ్లకు ఈ పాఠము పరాయిది కాదు.

అదే 1954లో గోర్డన్ ఆల్‌పోర్టు తన గ్రంథములో, వట్టి కలయిక చాలదని వ్రాశాడు. ఇరువురికి సమాన హోదా, ఉమ్మడి గురి, చేతులు కలిపి చేసే పని, పెద్దల బహిరంగ సమ్మతి ఉన్నప్పుడే కలయిక ఫలిస్తుందని ఆయన వాదము.

దీనిని తెలియక మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్నేండ్ల క్రితము రెండు సంఘముల యువకులను దగ్గర చేయాలని క్రిస్మస్ దినములలో క్రికెట్ పోటీ పెట్టాము. ఈ పల్లె ఒక జట్టు, ఆ పల్లె ఒక జట్టు. ఒక రనౌట్ దగ్గర మాట పెరిగి, స్టంపులు పెరికే వరకు వెళ్లింది. పాస్టర్లమైన మేము కూడా ఎవరి జట్టు వెనుక వారమే నిలబడ్డాము. సంక్రాంతి వరకు పలకరింపులు లేవు. మరుసటి ఏడు ఒక పెద్దాయన సలహాతో చీట్లు వేసి జట్లను కలగలిపాము. గొడవ రాలేదు. ఆ పిల్లలలో కొందరు నేటికీ కలిసి తిరుగుతున్నారు.

ఉత్తరప్రదేశ్‌లో మాట్ లో అనే ఆర్థికశాస్త్రవేత్త వేర్వేరు కులముల యువకులతో క్రికెట్ లీగులు నడిపి 2021లో ప్రచురించిన ఫలితము సరిగా ఇదే. ఒకే జట్టులో ఆడినవారిలో కులము దాటిన స్నేహములు పెరిగాయి. ఎదురు జట్లలో తలపడినప్పుడు అవి తగ్గాయి. ఇరాక్‌లో క్రైస్తవ, ముస్లిం ఆటగాళ్లను ఒకే ఫుట్‌బాల్ జట్టులో చేర్చి సల్మా మూసా 2020లో ప్రచురించిన పరిశోధన మరొక మెలిక చెప్పింది. మైదానములో ప్రేమ పెరిగింది గాని, మైదానము వెలుపల ముక్కు మొగము తెలియని అవతలివారి యెడల మార్పు అంతగా కనబడలేదు. మన పిల్లల విషయములోను అంతే. బ్యాటు పంచుకుంటారు, ఇంటి లోపలికి పిలుచుకోవడానికి వెనుకాడుతారు.

దీనికంటె బరువైన హెచ్చరిక ఒకటి ఉన్నది. 2009లో తమర్ సగై, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధన ప్రకారము, మంచి కలయిక వలన వెనుకబడిన వర్గమువారి దృష్టి అసమానత మీదనుండి మళ్లుతుంది, అవతలివారు తమకు న్యాయము చేస్తారని ఆశిస్తారు. ఆ ఆశ నెరవేరవలెనని లేదు. కాబట్టి “మనమంతా క్రీస్తులో ఒకటే, వర్గీకరణ మాట సంఘములో ఎందుకు?” అని నోరు మూయించడాన్ని మేము సమాధానపరచుట అనలేము. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో గ్రీకు భాష మాటలాడు యూదుల విధవరాండ్రకు పంపకములో లోపము జరిగినప్పుడు అపొస్తలులు సణగవద్దని గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచి పంపకము వారి చేతికిచ్చారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. మా దృష్టిలో ఫిర్యాదు చేసినవారి చేతికే తాళపుచెవి ఇవ్వడము ఇది.

సమరయలో ప్రభువు చేసినది కూడా గమనించదగినది. ఆయన ఇచ్చేవాడుగా కాక, మొదట దాహమడుగువాడుగా ఆ స్త్రీతో మాటలాడెను. మనము అవతలి పల్లెకు ఎప్పుడూ దుప్పట్లు పంచడానికో ప్రసంగించడానికో వెళ్తాము. అడగడానికి వెళ్లము. మా పరిచర్యలో ఒకసారి సమాధుల దొడ్డికి ప్రహరీ కట్టవలసివచ్చి, రెండు సంఘములూ చెరి సగము వేసుకున్నాయి. మా డబ్బు అవతలి సంఘపు కోశాధికారి దగ్గర, వారి డబ్బు మా కోశాధికారి దగ్గర ఉంచుదామని మేమే అడిగాము. మావారిలో కొందరికి నిద్రపట్టలేదు, వారిలోను అంతేనని తరువాత తెలిసింది. నెలనెలా లెక్కలు రెండు మందిరములలోను బిగ్గరగా చదివాము. గోడ పూర్తయ్యాక మిగిలిన సిమెంటు బస్తాలను ఎవరు తీసుకోవాలన్నది తేల్చడానికి రెండు పక్షములవారూ మా ఇంటి అరుగు మీద కూర్చొని టీ త్రాగారు. అంతకు ముందు ఆ అరుగు మీద వారిని కలిపి ఎన్నడూ చూడలేదు.

ఆ సంవత్సరమే ప్రభువు బల్ల కూడా కలిపి ఆచరిద్దామని మేము ప్రతిపాదించాము. రెండు సంఘముల పెద్దలూ ఆలోచించి చెబుతామన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు. మేము ప్రతి సంవత్సరము పెద్ద శుక్రవారమునకు ముందు మరల అడుగుతున్నాము.