ఉదయగిరి వణికిన రాత్రి నేను చెప్పిన తప్పు

2015లో ఉదయగిరి, వరికుంటపాడు, వింజమూరు వైపు భూమి కంపించిన రోజులు మా నెల్లూరు మెట్ట ప్రాంతం వాళ్లకు బాగా గుర్తు. పెద్ద భూకంపమేమీ కాదు. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి, తలుపులు దడదడలాడాయి, అంతే. కానీ మళ్లీ మళ్లీ రావడంతో జనం దుప్పట్లు తీసుకుని వీధిలోకి వచ్చేశారు. నేనప్పుడు బీటెక్ చదువుతున్నా. సెలవులకి ఉదయగిరిలో అవ్వ వాళ్లింట్లో ఉన్నా.

ఆ రాత్రి వీధిలో ఎవరో అడిగారు. "ఏంది అబ్బయ్యా ఇది? ఇంజనీరింగ్ చదువుతున్నావు గదా, చెప్పు."

తెలీదు అంటే సరిపోయేది. ఇంజనీరింగ్ కుర్రాడి నోట ఆ మాట వస్తుందా? కడప జిల్లా తుమ్మలపల్లిలో యురేనియం గనులున్నాయని, యురేనియం అంటే బాంబు సరుకేనని, భూమి లోపల ఎక్కడో అది రాజుకుని ఉంటుందని చెప్పేశా. గ్రాము యురేనియం మాయమైపోతే చాలు, ఊరు ఊరంతా లేచిపోతుందన్నా. ఈ ఈక్వల్స్ ఎంసీ స్క్వేర్ అని ఫోన్లో కాలిక్యులేటర్ తీసి సున్నాలు కూడా చూపించా. అందరూ నోరెళ్లబెట్టి విన్నారు. నిజం చెప్పాలంటే, నాకు చాలా గొప్పగా అనిపించింది.

నేను కాలేజీకి వెళ్లిపోయా. అవ్వ మాత్రం నెల దాటినా బయటే పడుకుంది. ఆ తర్వాత రెండు బర్రెలూ అమ్మేసి ఆత్మకూరులో పిన్ని వాళ్లింటికి వచ్చేసింది. మోకాళ్ల నొప్పులు కూడా కారణమేలే అంటుంది పిన్ని. కావచ్చు. కానీ ఉదయగిరి మాట వస్తే ఇప్పటికీ అవ్వ "ఆ కింద మందు ఉందంట గదా" అంటుంది. ఆ "అంట" నాదే.

మొన్న సంక్రాంతికి ఆత్మకూరు వెళ్తే, ఇంటర్ చదివే పిన్ని కూతురు సెమినార్ కోసం చార్టు రాస్తోంది. టాపిక్ అణు విచ్ఛిత్తి. "అన్నా, ఇది చూడు" అంటూ సమీకరణం ముందు పెట్టింది. యురేనియం 235కి ఒక న్యూట్రాన్ తగిలితే మొత్తం 236. అది పగిలి బేరియం 141, క్రిప్టాన్ 92, మూడు న్యూట్రాన్లు. "కూడితే మళ్లీ 236 వచ్చింది. ప్రోటాన్లు కూడా 56, 36 కలిపి 92. ఒక్కటి కూడా తగ్గలేదు. మరి మాయమైంది ఏంది?"

నాకు మాట రాలేదు. బీటెక్ పాసయ్యాను, ఐదేళ్లుగా కోడ్ రాస్తున్నాను, ఇంటర్ పిల్ల చేసిన కూడిక నేనెప్పుడూ చెయ్యలేదు!

ఆ రాత్రి కూర్చుని చదివితే తేలింది ఏంటంటే, మాయమైన కణం ఏదీ లేదు. యురేనియం కేంద్రకంలో 92 ప్రోటాన్లు ఉంటాయి. అన్నీ పాజిటివ్, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. పండగ సీజన్లో కిక్కిరిసిన బస్సు తలుపు బిగించి పెట్టినట్టు, కేంద్రక బలం వాటిని పట్టి ఉంచుతుంది. ఆ బలం చాలా గట్టిదే కానీ చాలా దగ్గరలోనే పనిచేస్తుంది. న్యూట్రాన్ తగిలి కేంద్రకం సాగి, రెండుగా చీలిందా, ఆ పట్టు తప్పిపోతుంది. ఇక మిగిలింది కరెంటు వికర్షణే. రెండు ముక్కలూ భయంకరమైన వేగంతో విడిపోతాయి. బాంబు వేడిలో సింహభాగం ఆ వేగమే.

మరి ఐన్‌స్టీన్ ఫార్ములా ఎందుకు? అది లెక్క సరిచూసుకోడానికి. ముక్కలు నెమ్మదించి చల్లారాక అన్నిటినీ తూస్తే మొదటి బరువు కంటే వెయ్యో వంతు కన్నా కాస్త తక్కువ తేడా వస్తుంది. వెళ్లిపోయిన శక్తి తనతో పట్టుకెళ్లిన బరువు అది. 1938 డిసెంబరులో ఆటో హాన్, స్ట్రాస్‌మన్ చేసిన ప్రయోగానికి లీజ్ మైట్నర్, ఆమె మేనల్లుడు ఫ్రిష్ అర్థం చెప్పింది ఇలాగే. వికర్షణతో లెక్కేస్తే ఒక్కో విచ్ఛిత్తికి సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. బరువు తేడాతో లెక్కేసినా అంతే. రెండు దారుల్లో ఒకటే జవాబు.

అసలు తమాషా ఏంటంటే ఈ ఫార్ములా బాంబుల సొంతం కాదు. మనింట్లో 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ మొత్తం కాలిపోతే, కాలకముందు గ్యాసూ ఆక్సిజనూ కలిపిన బరువు కంటే కాలాక వచ్చిన ఆవిరీ పొగా చల్లారి తూగే బరువు సుమారు 7 మైక్రోగ్రాములు తక్కువ. మీ చేతిలోని 5000 ఎంఏహెచ్ ఫోన్ ఫుల్ ఛార్జ్ అయితే బరువు పెరుగుతుంది, ఒక నానోగ్రాము కూడా ఉండదు. ఏ త్రాసుకీ చిక్కదు, అందుకే మనం పట్టించుకోం. కేంద్రకంలో ఒక్కో అణువుకు వచ్చే శక్తి మంటలో వచ్చేదానికి కోట్ల రెట్లు కాబట్టి అక్కడ తేడా తూకానికి అందుతుంది. సూత్రం ఒకటే.

హిరోషిమా బాంబులో 64 కిలోల యురేనియం ఉంటే విచ్ఛిత్తి జరిగింది ఒక కిలో లోపే. శక్తి దాదాపు 15 కిలోటన్నులు. బరువు లెక్కలో 0.7 గ్రాములు. ఇంకో మాట. ఎప్పటికీ పగలని, వేడి కూడా బయటికి పోని ఒక పెట్టె ఊహించుకోండి. అందులో ఆ బాంబు పేల్చి తూస్తే బరువు రవ్వంత కూడా తగ్గదు! పెట్టె చల్లారితేనే తగ్గుతుంది. "పదార్థం శక్తిగా మారిపోయింది" అని మనం అలవాటుగా రాసే వాక్యం ఈ పెట్టె ముందు నిలబడదు.

మరి ఐన్‌స్టీనే బాంబు చేశాడని ఎందుకు అనుకుంటాం? ఆయన ఆ పేపర్ రాసింది 1905లో. కేంద్రకం అనేది ఒకటుందని కూడా అప్పటికి తెలీదు. 1939 ఆగస్టు 2 తేదీతో రూజ్‌వెల్ట్‌కు వెళ్లిన ఉత్తరం మీద ఆయన సంతకం ఉన్న మాట నిజమే, కానీ దాని వెనుక ఉన్నది జిలార్డ్. మన్‌హాటన్ ప్రాజెక్టులోకి ఐన్‌స్టీన్‌ను రానివ్వలేదు కూడా. 1946 జులైలో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఆయన ముఖం, వెనుక పుట్టగొడుగు మేఘం, దాని మీద ఆ ఫార్ములా వేశారు. ఆ బొమ్మే మన బుర్రల్లో ఉండిపోయింది. ఆ బాంబు మీద పనిచేసిన రాబర్ట్ సెర్బర్ తర్వాత, విచ్ఛిత్తికి సాపేక్షతా సిద్ధాంతంతో పనేలేదని వివరంగా రాశాడు. ఆయన మాట ఎవరు విన్నారు!

ఇప్పుడు ఉదయగిరి సంగతి. సహజ యురేనియంలో విచ్ఛిత్తికి తేలిగ్గా లొంగే 235 రకం 0.7 శాతమే. తుమ్మలపల్లి రాయిలో ఆ యురేనియమే చాలా తక్కువ. అది దానంతటదే పేలడం జరిగే పని కాదు. భూమి మీద సహజంగా చైన్ రియాక్షన్ నడిచిన చోటు ఒకటుంది, ఆఫ్రికాలో గాబన్ దేశంలోని ఓక్లో. సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట, 235 రకం 3 శాతం దాకా ఉన్న రోజుల్లో. అక్కడ కూడా భూగర్భ జలం సాయంతో నిదానంగా ఉడికిందే తప్ప పేలలేదు. పోనీ ఎవరో రహస్యంగా పేల్చారంటారా? 1998 మే 11న పోఖ్రాన్ పేలుడు ప్రపంచం నలుమూలలా సీస్మోగ్రాఫ్‌లకు దొరికింది. పేలుడైతే మొదటి తోపు అన్ని దిక్కులకూ బయటికే ఉంటుంది. భూకంపంలో కొన్ని దిక్కులకు తోపు, కొన్ని దిక్కులకు లాగుడు. గీత చూసి చెప్పేస్తారు. మా దగ్గర వచ్చినవి పాత రాతి పొరల్లో ఒత్తిడి సర్దుకున్నప్పుడు వచ్చే చిన్న ప్రకంపనలు.

నన్ను ఎక్కువ గుచ్చింది ఇంకోటి. తుమ్మలపల్లి చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా అడుగుతున్నది పేలుడు గురించి కాదు. గని వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడవుతున్నాయని, పంటలు పోతున్నాయని. సంస్థ కాదంటోంది. తేల్చాల్సిన ప్రశ్న అది. నేనేమో వీధిలో బాంబు కథ చెప్పి వచ్చా.

మర్నాడు పొద్దున అవ్వ దగ్గర కూర్చుని చెప్పా. "అవ్వా, ఆ కింద మందేమీ లేదు. అప్పుడు నేను చెప్పింది తప్పు."

కాఫీ గ్లాసు కింద పెట్టి కాసేపు చూసింది. "మరి బర్రెల్ని అమ్మక ముందు చెప్పాల్సింది గదా అబ్బయ్యా" అంది. కోపం లేదు. తర్వాత, "మరి ఆ కడప వాళ్ల బోర్ల సంగతి ఏమైంది?" అని అడిగింది.

చెల్లి చార్టులో "మాయమై" అన్న మాట కొట్టేసింది. ఉదయగిరిలో ఆ వీధి వాళ్లకి మాత్రం ఇంకా చెప్పలేదు. ఈ ఉగాదికి వెళ్తున్నా.